కడప ఎండకు ముడుచుకోని ఫ్రెట్‌బోర్డు

మే నెలలో కడపలో ఎవరి గిటారు నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ) అంచునైనా వేలితో ఒకసారి తడిమి చూడండి. నెక్ మీద అడ్డంగా దిగి ఉండే సన్నని లోహపు కడ్డీల, అంటే ఫ్రెట్ల, కొసలు చర్మానికి గీసుకుంటాయి. గాలిలో తేమ తగ్గగానే, ఫ్రెట్లు దిగి ఉండే పైపలక, అంటే ఫ్రెట్‌బోర్డు, చెక్క అడ్డంగా ముడుచుకుంటుంది. లోహపు ఫ్రెట్ మాత్రం ఉన్నంత పొడవునా ఉండిపోతుంది. చర్చిల్లో వాయించే పిల్లలు నా దగ్గరికి తెచ్చే గిటార్లలో ఎక్కువ వాటికి ఇదే జబ్బు. కొసలను ఆకురాయితో అరగదీయడం చిన్న పని. కానీ చవక గిటార్ల మీద నల్లరంగు పట్టించిన మెత్తటి చెక్క ఉంటుంది. అది పగిలి, ఫ్రెట్లు దిగే గాడులు వదులైపోయాక దాని స్థానంలో మళ్లీ చెక్క వేయడానికి నా మనసు ఒప్పదు. అక్కడ నేను వేసేది ఫినాలిక్ పలక.

కాగితపు పొరలను ఫినాలిక్ రెజిన్ (వేడికి గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్)లో ముంచి, వేడి పెట్టి, గట్టిగా నొక్కితే ఈ పలక తయారవుతుంది. రిచ్‌లైట్ అనే పేరుతో వచ్చేది ఈ జాతిదే. మార్టిన్ కంపెనీ తన అకూస్టిక్ గిటార్లు కొన్నింటికి దాన్నే వాడుతోంది. మనకు దగ్గరలో దొరికేవి రెండు. ఒకటి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాల్లో అడిగే హైలం షీటు, రెండోది ల్యాబు బల్లలకు, టాయిలెట్ పార్టిషన్లకు వాడే కాంపాక్ట్ ల్యామినేట్. స్విచ్చుబోర్డుకు వేసే 3 మి.మీ. హైలం చాలదు, 6 మి.మీ. మందం కావాలి. పార్టిషన్ ముక్కలు చాలావరకు 12 మి.మీ. ఉంటాయి, వాటిని చేత్తో సగానికి అరగదీయాలని చూడకండి. కొనేముందు ముక్క అంచును గరుకు కాగితంతో రుద్ది లోపలి రంగు చూడండి. పైపొర నలుపై లోపల గోధుమరంగు ఉంటే, పలక పైభాగాన్ని అడ్డంగా గుండ్రంగా అరగదీసి వంపు తీసేటప్పుడు ఆ రంగు బయటపడుతుంది.

"అన్నా, ఎర్రచందనం పలక వేస్తే ఎలా ఉంటుంది?" అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. శేషాచలం, లంకమల కొండలు కనిపించే ఊరిలో ఆ ప్రశ్న రావడం సహజమే. జపాన్ వాళ్లు షామిసెన్ అనే తమ మూడు తీగల వాయిద్యానికి ఆ చెక్కనే ఎంతో ఇష్టంగా వాడతారు. అయినా నా జవాబు ఒకటే: అడవి నుంచి దొంగతనంగా వచ్చిన ముక్కను నా బల్ల మీద పెట్టను. చట్టం సంగతి అలా ఉంచినా, ఇక్కడి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది.

పాత బోర్డును ఇస్త్రీపెట్టెతో వేడిచేసి, పలుచని చాకును జిగురు గీత వెంట నెమ్మదిగా తోస్తూ ఊడదీయండి. తర్వాత నెక్ చదునుగా ఉందో లేదో చూడాలి. ఇంట్లో పాలిష్ చేసిన కడప బండ ఉందని దాన్ని నమ్ముకోకండి. దాని మీద స్టీలు స్కేలును నిలబెట్టి చూస్తే కింద వెలుతురు సన్నగా కనిపిస్తుంది. 10 మి.మీ. గాజు పలక మీద గరుకు కాగితం అతికించి వాడండి.

645 మి.మీ. స్కేలుకు (తీగ మోగే పొడవుకు) మొదటి ఫ్రెట్ నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 36.2 మి.మీ. దూరంలో వస్తుంది (645ను 17.817తో భాగించాలి). అయిదోది 161.8, ఏడోది 214.5, పన్నెండోది సరిగ్గా సగం, 322.5. ప్రతి కొలతా నట్ నుంచే తీసుకోండి. ముందు ఫ్రెట్ నుంచి కొలుస్తూ పోతే తేడాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

అసలు పని గాడి కోయడంలో ఉంది. ఫ్రెట్ కాడ (గాడిలో దిగే అడుగు భాగం) లోపలికి దిగేటప్పుడు చెక్క కొంచెం నలిగి చోటిస్తుంది. ఫినాలిక్ నలగదు. ఒక్కో గాడిలో కాడ 0.05 మి.మీ. బిగుతైనా, 20 ఫ్రెట్లు కలిసి పలక పైభాగంలో 1 మి.మీ. మేకు దిగ్గొట్టినట్టే. నెక్ వెనక్కి వంగిపోతుంది. అందుకే వెర్నియర్ కొలత పరికరంతో కాడ మందం, దాని పక్కల పొడుచుకొచ్చిన పళ్ల వెడల్పు రెండూ కొలవండి. గాడి కాడకంటే వెంట్రుకవాసి వెడల్పుగా ఉండాలి, పళ్లు మాత్రం గోడలను పట్టుకోవాలి. సాధారణంగా 0.6 మి.మీ. కోత ఇచ్చే రంపం సరిపోతుంది. హాక్సా బ్లేడు కోత అంతకంటే వెడల్పు, పనికిరాదు. ముందు తుక్కు ముక్క మీద రెండు మూడు గాడులు కోసి ఫ్రెట్ దించి చూడండి. సుత్తి దెబ్బకు మొదట టంగుమనే శబ్దం వస్తుంది. ఫ్రెట్ అడుగు పలకకు ఆనగానే అది మొద్దుగా టక్కుమంటుంది. ఆ మార్పు చెవికి పట్టాకే అసలు పలక మీద చెయ్యి వేయండి. గాడి పై అంచులను మూడు మూలల ఆకురాయితో లేతగా ఏటవాలు చేస్తే, రేపు ఫ్రెట్లు మార్చేటప్పుడు పెచ్చులు లేవవు.

వంపు 16 అంగుళాల వ్యాసార్ధంతో తీస్తే 54 మి.మీ. వెడల్పున్న చోట అంచులు 0.9 మి.మీ. దిగుతాయి. గాడి లోతు కూడా అక్కడ అంతే తగ్గుతుంది కాబట్టి, వంపు తీశాక మరోసారి రంపం వేయక తప్పదు. పలకను తడిపి రుద్దండి, మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పొడిగా రుద్దితే స్విచ్చుబోర్డు కాలిన వాసన గదంతా పట్టుకుంటుంది.

అతికించడానికి ఫెవికాల్ వద్దు. దానిలోని నీటిని ఈ పలక పీల్చుకోదు. పలక అడుగును 80 నంబరు కాగితంతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, నిదానంగా గట్టిపడే అరాల్డైట్ పలుచగా పూయండి. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ఇనుప కడ్డీ) గాడి మీద సన్నని టేపు వేయడం మరవొద్దు, జిగురు లోపలికి కారితే రాడ్ తిరగదు. క్లాంపులను మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేస్తుంది. ఒక రోజంతా కదిలించకండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోను: అప్పుడు నెక్ ఉబ్బి ఉంటుంది, ఎండలు వచ్చాక అది ముడుచుకుంటే పలక అంచు బొటనవేలికి తగులుతుంది. జనవరి, ఫిబ్రవరి అనువైన నెలలు.

బరువు సంగతి కూడా చెప్పాలి. రోజ్‌వుడ్‌తో పోలిస్తే ఈ పలక 60, 70 గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఒళ్లో పెట్టుకుని వాయించేవారికి అది పెద్దగా తెలియదు. నాదం విషయంలో నాకు వినిపించే తేడా చాలా స్వల్పం. గిటారు పెట్టె పైచెక్క మంచిదైతే గిటారు బాగానే పలుకుతుంది.

దీనికి నూనె పట్టించనక్కరలేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎండలో మూసిన కారులో మాత్రం ఉంచొద్దు. వేడికి ఈ పలక నెక్ చెక్కకంటే ఎక్కువ సాగుతుంది, జిగురు మెత్తబడుతుంది. తీగలు ఎక్కించి శ్రుతి చేశాక ఒక రాత్రి వదిలేయండి. మరునాడు లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఫీలర్ గేజి (సందులు కొలిచే పలుచని ఉక్కు ఆకుల కట్ట) దూర్చండి. 0.2 మి.మీ. ఆకు ఆనీ ఆననట్టు జారితే రాడ్‌ను ముట్టుకోనక్కరలేదు.