కాలనీ కంపోస్టును ఉచితంగా ఎలా పంచాలి?

కంపోస్టు తయారీ కష్టమేమీ కాదు. పంచేటప్పుడే చాలా కాలనీల్లో పని చెడుతోంది. కుప్ప నల్లబడగానే సంచులకెత్తి మిద్దెతోటల వాళ్లకు ఇచ్చేస్తారు. వారం తిరక్కుండా టమాటా నారు పసుపుబారుతుంది. ఆ ఇంటివాళ్లు ఇక ఎరువు అడగరు, తడి చెత్త వేరు చేయడం కూడా మానేస్తారు.

ఇటుకల మధ్య సందులు వదిలి కట్టిన మూడు తొట్లు, పార, తట్టలు, ఇసుక జల్లెడ ఉంటే చాలు. ఒక తట్ట తడి చెత్తకు రెండు తట్టల ఎండుటాకులు వేయండి. పైన పేడ నీళ్లు చల్లి, వారానికోసారి తిరగేయండి. పిడికిట్లో బిగిస్తే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కొబ్బరి పొట్టు కొనొద్దు, రోడ్డు మీద రాలిన ఆకులుండగా డబ్బు పెట్టడం దేనికి?

2016 ఘన వ్యర్థాల నిబంధనలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు లోపలే శుద్ధి చేసుకోవాలన్నాయి. దాంతో కొందరు 24 గంటల్లో కంపోస్టు చేస్తాయని చెప్పే మెషిన్లు కొన్నారు. వాటిలోంచి వచ్చేది చాలావరకు ఎండబెట్టి పొడి చేసిన చెత్తే. తడి తగిలితే మళ్లీ కుళ్లుతుంది. కుప్ప అలా కాదు, లోపల 55 డిగ్రీలు దాటి, చాలావరకు కలుపు గింజల్ని కూడా చంపేస్తుంది.

ఇక అసలు పని, మాగబెట్టడం. వేడి తగ్గినంత మాత్రాన ఎరువు తయారైనట్టు కాదు. నీడలో మరో ఆరు వారాలు ఉంచాలి. సగం చివికిన ఎరువు కుండీలో ఇంకా కుళ్లుతూ మట్టిలోని నత్రజనిని, వేర్లకు అందాల్సిన గాలిని లాగేసుకుంటుంది.

ఒక ఏడాది జనం సంచులతో వచ్చి నిలబడ్డారని తొందరపడి ఇచ్చేశాను. ఎదురింటి పిన్నిగారు చామంతి మొక్కను పీకి తెచ్చి చూపించారు. వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి ఉన్నాయి. అప్పటి నుంచి పరీక్ష చేయకుండా తట్టెడు కూడా బయటికి పంపలేదు.

గుప్పెడు ఎరువు తడిపి, గాలి పోని కవర్లో మూడు రోజులు ఉంచండి. విప్పగానే తొలకరి మట్టి వాసన రావాలి. పులుపో, ఘాటో తగిలితే మరో రెండు వారాలు ఆగండి. తర్వాత మెంతులు. ఒక గిన్నెలో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో సగం మట్టి, సగం ఎరువు పోసి, రెండింటిలో ఇరవయ్యేసి గింజలు చల్లండి. ఐదో రోజు లెక్కపెట్టండి. ఎరువు గిన్నెలో మొలకలు బాగా తగ్గినా, వేళ్లు పొట్టిగా ఉన్నా ఇవ్వొద్దు. ఎవరు ఫోన్ చేసినా, ఎంత టెన్షన్ పెట్టినా సరే.

పంపకం ఆదివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకే. ఇంటికి ఐదు కిలోలు, సంచి వాళ్లదే. చెత్త వేరు చేసి ఇచ్చినవాళ్లకు ముందు. డబ్బు ముట్టొద్దు, విరాళాల డబ్బా కూడా పెట్టొద్దు, వాళ్లింటి తొక్కలే కదా అవి. మూడు వంతుల మట్టికి ఒక వంతు ఎరువే కలపమని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి, కాగితం అతికిస్తే ఎవరూ చదవరు. జల్లెడలో మిగిలిన ముక్కల్లోంచి గాజు, పిన్నులు ఏరేసి, మిగతాది కొత్త కుప్ప అడుగున పరవండి.