ఒక చిల్లర్ చాలిన చోట రెండోది ఎందుకు లేస్తోంది?

సమస్య: రెండు చిల్లర్ల (ఏసీ కోసం నీళ్లు చల్లబరిచే యంత్రాల) ప్లాంటు. బయట ఎండ పెద్దగా లేదు, ఆఫీసులో సగం సీట్లు ఖాళీ. అయినా పొద్దున పదకొండు కాకుండానే బీఎంఎస్ (భవనంలో యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) రెండో చిల్లర్‌ని ఆన్ చేస్తోంది. స్క్రీన్ మీద సప్లై హెడర్ (చల్లటి నీళ్లు భవనంలోకి వెళ్లే పెద్ద పైపు) 8.4 డిగ్రీలు, సెట్ పాయింట్ (ఉండాల్సిన ఉష్ణోగ్రత) 7. నీళ్లు చల్లబడటం లేదనుకుని బీఎంఎస్ సాయం పిలుస్తోంది, లాజిక్‌లో తప్పేమీ లేదు. చిల్లర్లు రెండూ సగం లోడు మీద నడుస్తుంటాయి. వాటి వెంట ఇంకో ప్రైమరీ పంపు, ఇంకో కండెన్సర్ పంపు, ఇంకో కూలింగ్ టవర్ ఫ్యాను. ఆ కరెంటంతా దండగ.

ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం మీద పడకండి. ముందు ప్లాంటు రూములోకి నడవండి. చిల్లర్ ప్యానెల్ మీద లీవింగ్ వాటర్ (చిల్లర్ నుంచి బయటికొచ్చే నీళ్లు) ఎంతుందో, హెడర్ పైపుకున్న థర్మామీటర్ ఎంత చూపిస్తోందో, అదే నిమిషంలో బీఎంఎస్ ఏమంటోందో, మూడూ ఒక కాగితం మీద రాయండి. ఐదు నిమిషాల పని. నన్ను పిలిచిన సైట్లలో ఈ ఐదు నిమిషాలు తప్ప అన్నీ చేసి ఉంటారు: లాజిక్ మార్చి ఉంటారు, డిలే పెంచి ఉంటారు, ఇరవై మెయిళ్లు నడిచి ఉంటాయి. డయల్ వైపు మాత్రం ఎవరూ తలెత్తి చూసి ఉండరు.

మూడూ 8.4 అంటే అది చిల్లర్ గొడవ. కండెన్సర్ ట్యూబుల్లో పొలుసో, గ్యాసు తక్కువో. సర్వీసు వాళ్ల పని అది.

చిల్లర్ ప్యానెల్ 7, హెడర్ థర్మామీటర్ 8.4 అంటే నీళ్లు దారిలో కలుస్తున్నట్టు. ఎక్కువసార్లు దొరికే దొంగ, ఆగి ఉన్న చిల్లర్ మోటరైజ్డ్ వాల్వు. అది పూర్తిగా మూసుకోక పాసవుతుంటే రిటర్న్ నీళ్లు చల్లబడకుండానే అందులోంచి వచ్చి హెడర్‌లో కలుస్తాయి. స్క్రీన్ మీద ‘క్లోజ్’ అని ఉన్నా నమ్మొద్దు, ఆగిన చిల్లర్ అవుట్‌లెట్ గేజ్ చూడండి. లేదా సెకండరీ పంపులు (నీళ్లను భవనంలోకి తోసేవి) ప్రైమరీ పంపులు (చిల్లర్ గుండా నడిపేవి) ఇచ్చేదానికన్నా ఎక్కువ నీళ్లు లాగుతూ ఉండొచ్చు, అప్పుడు సప్లై, రిటర్న్‌లను కలిపే డీకప్లర్ పైపులో రిటర్న్ నీళ్లు వెనక్కి తిరిగి సప్లైలో కలుస్తాయి. రెంటికీ గుర్తు ఒకటే: రెండో చిల్లర్ రాగానే హెడర్ 7కి దిగుతుంది. వాల్వైతే ట్రావెల్ (మూసి తెరిచే కదలిక) సరిచేయించండి. పంపులైతే వాటి ప్రెషర్ సెట్ పాయింట్ తగ్గించి, ఏ ఏహెచ్‌యూ (గదులకి చల్లగాలి పంపే యంత్రం) వాల్వు ఊరికే తెరుచుకుని ఉందో వెతకండి.

రెండో చిల్లర్ వచ్చినా బీఎంఎస్ 8.4 దగ్గరే కూర్చుందా? థర్మామీటర్ మాత్రం 7 అంటోందా? అయితే సెన్సర్. అది థర్మోవెల్‌లోంచి (పైపులో సెన్సర్ కూర్చునే గొట్టం) జారిందేమో, లోపల పేస్టు ఎండిపోయిందేమో చూసి సరిచేయండి. అయినా మారకపోతే, నా చేత మూడు వారాలు నీళ్లు తాగించిన కేసు ఇది.

మాదాపూర్ వైపు ఒక ఐటీ భవనం. పాత హెడర్ సెన్సర్ పాడైతే స్టోర్స్ వాళ్లు కొత్తది తెప్పించారు. ‘10కె థర్మిస్టర్’ అని రాసి ఇస్తే కొట్లో 10కె థర్మిస్టరే ఇచ్చారు. థర్మిస్టరంటే ఉష్ణోగ్రతని బట్టి రెసిస్టెన్స్ (ఓమ్‌లు) మారే సెన్సర్. కానీ 10కెలో టైప్ 2, టైప్ 3 అని వేర్వేరు రకాలున్నాయి. 25 డిగ్రీల దగ్గర రెండూ సరిగ్గా 10,000 ఓమ్‌లే. అక్కణ్నుంచి చల్లబడే కొద్దీ దారులు వేరు: సున్నా దగ్గర టైప్ 2 సుమారు 32,650 ఓమ్‌లు, టైప్ 3 సుమారు 29,490. సెన్సర్‌ని చదివే బీఎంఎస్ కంట్రోలర్‌లో ఇన్‌పుట్ టైప్ 2గా ఉండి, పైపులో టైప్ 3 ఉంటే, అసలు 7 డిగ్రీల నీళ్లు స్క్రీన్ మీద 8.4గా కనిపిస్తాయి.

ఇది దొరక్కపోవడానికి కారణం మనమే. బిగించే ముందు సెన్సర్‌ని ఏసీ గదిలో చేతిలో పట్టుకుని చూస్తాం. 25 చూపిస్తుంది, పక్కనున్న థర్మామీటరూ 25. పాసని రాసేస్తాం. తప్పు బయటపడని ఒకే ఒక్క ఉష్ణోగ్రత దగ్గర పరీక్ష పెడతామన్నమాట! నేనూ అదే చేశాను. తర్వాత రిపోర్టులో లోడు (రిటర్న్, సప్లై నీళ్ల తేడాతో లెక్కేసేది) కూడా పడిపోయింది. రిటర్న్ సెన్సర్ పాతదే, 12.5 చూపిస్తోంది. అసలు తేడా 5.5 అయితే బీఎంఎస్ లెక్కలో 4.1. లోడు పావు వంతు తగ్గిందంటూనే రెండు చిల్లర్లు నడుపుతోంది. ఆ పొంతన లేకపోవడం చూసినప్పుడే నాకు వెలగాల్సింది.

పరీక్షకి కింద జ్యూసు బండి నుంచి ఐసు తెచ్చుకోండి. బాగా నలగ్గొట్టి, గ్లాసులో కొంచెం నీళ్లతో కలిపి, సెన్సర్ కొన ముంచి ఐదు నిమిషాలు కలుపుతూ ఉండండి. వైర్లు రెండూ కంట్రోలర్ నుంచి విప్పాకే మల్టీమీటర్ పెట్టండి, తగిలించి కొలిస్తే తప్పు అంకె వస్తుంది. 32 వేల పైన వస్తే టైప్ 2, 29 వేల చిల్లర వస్తే టైప్ 3. ఆ తర్వాత ఇన్‌పుట్ సెట్టింగులో సరైన రకం ఎంచుకోవడమే. జాబితాలో ఆ రకం లేకపోతే సెన్సరే మార్చాలి.

మైనస్ 1.4 ఆఫ్‌సెట్ (చూపే అంకెలోంచి అంత తీసేసే సవరణ) పెట్టి చేతులు దులుపుకోవద్దు. 7 దగ్గర సరిపోతుంది. ప్లాంటు ఆగి పైపు 25కి చేరినప్పుడు మాత్రం 23.6 చూపిస్తుంది.

సెన్సర్ మార్చాక కొనుగోలు రిజిస్టర్ కూడా తీయించండి. మా స్టోర్స్ వాళ్లు ఒకటి కాదు, ఐదు కొన్నారు. రెండు ఇంకా ప్యాకెట్‌లోనే ఉన్నాయి. ఇంకోటి ఏహెచ్‌యూ రిటర్న్ డక్టులో ఉంది, అక్కడ 24, 25 డిగ్రీలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. చివరిది టెర్రస్ మీద బయటి గాలి సెన్సర్. వేడి వైపు తప్పు తిరగబడుతుంది కాబట్టి 40 డిగ్రీల ఎండలో అది ఒక డిగ్రీకి పైగా తక్కువ చూపిస్తోంది.

పిడుగుకి ఇన్‌పుట్ కార్డు దెబ్బతినడం, మోటార్ డ్రైవ్ కేబుల్ పక్కన వేసిన సెన్సర్ వైరులో నాయిస్ (కరెంటు అలజడి) రావడం కూడా ఉంటాయి. అప్పుడు అంకె ఒకచోట నిలవదు, గెంతుతూ ఉంటుంది. నిలకడగా 8.4 అంటుంటే వాటి జోలికి పోనక్కర్లేదు.