ఇన్సులిన్ వేసుకుంటూ ఇంగ్లండ్‌లో కొత్తగా దిగినవారికి

ఆవకాయ ఏ సూట్‌కేసులో సర్దినా ఫరవాలేదు, ఇన్సులిన్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. విమానం అడుగున వేసే సామానులో అది గడ్డకట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిందా, కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. వెంట డాక్టరు చీటీ ఉంచుకోండి. అందులో బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరు కూడా రాయించుకోండి. మన దగ్గర బాగా వాడే హ్యూమన్ మిక్స్‌టార్డ్ 30 ఇక్కడ అమ్మకంలో లేదు, డాక్టరు వేరేది రాస్తారు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది సిరంజి విషయంలో. ఇండియాలో సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. ఇక్కడి సీసా 100 యూనిట్లది, సిరంజికి నారింజ మూత. ఇంటినుంచి తెచ్చిన ఎర్ర మూత సిరంజిలో ఇక్కడి మందు 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు! ఇండియా మందు ఇక్కడి సిరంజిలో 20 గీత దాకా లాగితే 8 యూనిట్లే. అందుకే అక్కడి సీసాకి అక్కడి సిరంజే వాడండి. ఆ సీసా అయిపోయాక మిగిలిన సిరంజిలు దాచుకోవద్దు.

ఇక్కడ ఎక్కువమందికి సిరంజి బదులు ఇన్సులిన్ పెన్నే ఇస్తారు. ప్రతిసారీ కొత్త సూది పెట్టి, 2 యూనిట్లు గాల్లోకి వదిలి చూసుకోండి. పొట్ట మీద, బొడ్డుకి రెండంగుళాల అవతల, రోజూ చోటు మారుస్తూ వేసుకోవాలి. బటన్ నొక్కాక పది లెక్కపెట్టి సూది తీయండి. ఒకేచోట పొడిస్తే చర్మం కింద గడ్డలు కట్టి మందు సరిగ్గా ఎక్కదు. వాడేసిన సూదులు చెత్తబుట్టలో కాదు, సూదుల కోసమే ఉండే పసుపు డబ్బాలో వేయాలి.

మొదటి వారంలోనే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకుని, ఎఫ్‌పీ92ఎ ఫారం అడగండి. ఇన్సులిన్ వాడేవారికి దాంతో వచ్చే సర్టిఫికెట్ ఉంటే జలుబు మందుతో సహా ప్రిస్క్రిప్షన్ మీద రాసేవన్నీ ఉచితం. చాలామంది సిగ్గుపడి అడగరు, ఆ మొహమాటం దండగ.

షుగర్ మీటరులో 9 కనబడితే కంగారుపడకండి, ఇక్కడి కొలత వేరు. 18తో హెచ్చవేస్తే మనకలవాటైన 162 వస్తుంది. 4 కన్నా తగ్గితే లో షుగర్, వెంటనే చిన్న గ్లాసు పళ్ళరసం తాగాలి. డైట్ కోక్ పనికిరాదు. బస్సుల కోసం నడక పెరిగి మొదట్లో ఇలా తరచూ జరగొచ్చు కాబట్టి గదిలో ఉండేవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

కారు నడుపుతారా? అయితే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకి తెలపడం తప్పనిసరి. బండి తీసేముందు రెండు గంటల లోపు ఒకసారి, దూర ప్రయాణంలో రెండు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి. 5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఏదైనా తినాలి. 4 కన్నా తక్కువైతే తిని, మామూలుకొచ్చాక 45 నిమిషాలు ఆగి అప్పుడు బయల్దేరాలి.