స్కిజోఫ్రీనియా ఉన్నవారిచేత వ్యాయామం చేయించడం ఎలా?

లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు వంటివి కలిగించే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అది ఉన్న వ్యక్తి రోజంతా మంచం దిగకపోతే ఇంటివారు బద్ధకమని విసుక్కుంటారు. నిజానికి ఏ పనికీ పూనుకోలేకపోవడం ఆ జబ్బు లక్షణాలలోనే ఒకటి. ఈ జబ్బుకు వాడే ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు తెచ్చే మత్తు, పెరిగే బరువు దానికి తోడవుతాయి. అందుచేత ‘రోజూ నడవండి’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఆ వ్యక్తిని చూసుకునే నర్సు తానే చెప్పులు వేసుకొని గుమ్మం దగ్గర నిలబడాలి.

ముందుగా బరువు, నడుము కొలత, నాడి, పరగడుపు షుగరు నమోదు చేసి, వైద్యుని అనుమతి తీసుకోవాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన 3 నిమిషాలలోపు మరొకసారి బీపీ చూడాలి, ఎందుకంటే ఈ మందులు వాడేవారిలో కొందరికి లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటే అది మందుల ప్రభావం కావచ్చు కనుక వైద్యునికి తెలపాలి. ఎలాగూ తిరుగుతున్నాడు కదా అని దానిని వ్యాయామం కింద జమ కట్టకూడదు.

రాత్రి మాత్రల మత్తు ఉదయం చాలాసేపు వదలనివారికి సాయంత్రం నడకే అనువుగా ఉంటుంది. మొదటి వారం 10 నిమిషాలు, వీధి చివరిదాకా వెళ్లి రావడం చాలు. నర్సు పక్కనే నడవాలి, వెనుక నడవరాదు. ఎవరో వెంబడిస్తున్నారన్న అనుమానంతో నలిగిపోతున్న మనిషిని వెనుక వినిపించే అడుగుల చప్పుడే బెదరగొడుతుంది. దారిలో ఎవరివో మాటలు వినిపిస్తున్నాయని అంటే వాదించకుండా, ‘నాకు వినిపించడం లేదు గానీ మీకు ఇబ్బందిగా ఉన్నట్లుంది, ఆ వేపచెట్టు దాకా వెళ్దామా, వెనక్కి తిరుగుదామా?’ అని అడిగి, నిర్ణయం ఆయనకే వదలాలి. ఆ మాటలు హాని చేసుకోమని ఆదేశిస్తున్నట్లు తెలిస్తే మాత్రం నడక ఆపి, ఆయనను ఒంటరిగా వదలకుండా వైద్యుని పిలవాలి.

మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం తగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్కను కొన్ని నెలల్లో అందుకోవచ్చు, తొందర లేదు. కొన్ని మందులు చెమటను తగ్గించడం వల్ల వేసవిలో వడదెబ్బ ముప్పు ఎక్కువ. ఆ రోజులలో నడక బదులు నీడపట్టున యోగాసనాలు వేయించవచ్చు. మందులతోపాటు యోగా చేసినవారిలో నిరాసక్తత కొంత తగ్గినట్లు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధనలలో తేలింది. ఛాతీ నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, గుండెదడ కనిపిస్తే, ముఖ్యంగా క్లోజపిన్ మొదలుపెట్టిన తొలి వారాలలో, వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

బరువు అంత త్వరగా తగ్గదు. కాబట్టి రికార్డులో కిలోలతోపాటు ఆయన ఎంత దూరం నడిచారు, ఎవరినైనా పలకరించారా, మరుసటి రోజు చెప్పులు తానే వెతుక్కున్నారా అన్నవి కూడా రాసి వైద్యునికి చూపాలి.