ఇంజిన్ దించకముందే తేల్చుకోండి: బాగుచేయించాలా, మార్చాలా, వదిలేయాలా?

మొరాయించిన కారును షెడ్డుకు చేర్చగానే వినిపించే మొదటి మాట ఒకటుంది: "విప్పితే గానీ చెప్పలేం సార్." ఆ మాటకు తల ఊపారంటే నిర్ణయం మీ చేయి దాటిపోయినట్టే. ఇంజిన్ పైభాగమైన హెడ్డు ఒక మూల, పిస్టన్లు కిరోసిన్ బేసిన్‌లో, బోల్టులన్నీ పాత పెయింటు డబ్బాలో పడ్డాక "వద్దులెండి, మళ్లీ బిగించి ఇచ్చేయండి" అనగలిగిన యజమానిని నేనింతవరకు చూడలేదు. బిగించడానికీ కూలీ కట్టాలి కదా! ఆ కూలీ దండగని రిపేరుకే ఒప్పుకుంటారు.

కూకట్‌పల్లిలో ఇరవై ఏళ్లు ట్రావెల్స్ నడిపాను. బోరు చేయించిన (అరిగిన సిలిండరు లోపలి గోడలను తొలిపించిన) ఇంజిన్లున్నాయి, మార్చినవున్నాయి, తుక్కుకు తోలినవున్నాయి. వాటిలో సగం నిర్ణయాలు తప్పు. అన్ని తప్పులకూ కారణం ఒకటే. ఏది పాడైందో తెలియకముందే ఎంతవుతుందని అడిగాను.

కావలసినవి

పెట్రోలు కారుకు కంప్రెషన్ గేజి (సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడిని కొలిచేది), స్పార్క్ ప్లగ్ పానా, పూర్తిగా చార్జింగ్ ఉన్న బ్యాటరీ, ఒక చెంచా ఇంజిన్ ఆయిల్, కాగితం, పెన్ను. గేజి రాణిగంజ్‌లో దొరుకుతుంది. రబ్బరు మొన అదిమిపట్టేది కొనకండి, మరతో బిగించేదే కొనండి. సెల్ఫ్ కొట్టడానికి ఇంకో మనిషి కావాలి. అంతే.

ముందు పొగ, నీళ్లు, ఆయిల్ చూడండి

ఇది పది నిమిషాల పని. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతోంది, చాలాసార్లు అది ఇంజిన్ జబ్బే కాదు. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకుండా, కాస్త తియ్యని వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతోందని అర్థం. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పూత కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) పోయిందని బెంబేలెత్తకండి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారులో వానాకాలం తేమకు కూడా అది చేరుతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా కాఫీరంగుకు తిరిగి ఉంటేనే కంగారు పడాలి.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. రైలింజన్‌లా గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంటే షెడ్డువాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, అంటే సిలిండరులోని గాలి పిస్టన్ పక్కనుంచి కిందికి జారుతోందని. అయితే ఆ ఒక్క ఆనవాలు చూసి బోరింగ్‌కు ఒప్పుకోవద్దు.

గేజి పెట్టడం: అందరూ చెడగొట్టే పని ఇదే

నాకు తెలిసిన ఉస్తాద్‌లు చాలామంది ఈ పరీక్షను రెండు నిమిషాల్లో ముగిస్తారు. చల్లటి ఇంజిన్, నీరసపు బ్యాటరీ, ఒక్క ప్లగ్గు మాత్రమే విప్పి, ఆక్సిలరేటర్ తొక్కకుండా సెల్ఫ్ కొట్టి, "చూశారా, కంప్రెషన్ లేదు" అంటారు. అలా చూస్తే షోరూమ్ నుంచి నిన్న వచ్చిన కారుకూ కంప్రెషన్ ఉండదు!

ఇంజిన్‌ను మామూలు వేడికి తెచ్చి ఆపండి. చేయి కాలనంతగా చల్లారాక ప్లగ్గులు విప్పండి, అన్నీ విప్పండి. ఒక్కటే విప్పితే మిగతా సిలిండర్ల బిగువుకు ఇంజిన్ నిదానంగా తిరిగి అంకె తక్కువ చూపిస్తుంది. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో వరుసగా పేర్చుకోండి, తడిసిన ప్లగ్గు, మసిపట్టిన ప్లగ్గు కూడా సాక్ష్యాలే. ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు, ఇంజెక్టర్ కనెక్టర్లు ఊడదీయండి. ఈ పని మాత్రం మరిచిపోవద్దు. ప్లగ్గుల రంధ్రాల నుంచి పెట్రోలు తుంపర చిమ్ముతుండగా పక్కనే నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పక్కమనిషి ఆక్సిలరేటర్‌ను నేలకు తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. గాలిదారి మూసి ఉంటే సిలిండరుకు గాలి ఎక్కడిది? ప్రతి సిలిండరుకూ గేజి ముల్లు ఐదారు సార్లు ఎగిరేదాకా తిప్పండి, అన్నిటికీ లెక్క ఒక్కటే ఉండాలి. ఒకదానికి నాలుగు, ఇంకోదానికి ఎనిమిది అయితే ఆ కాగితం చించేయండి. మొదటి ఎగురులో ముల్లు ఎంతవరకు వెళ్లిందో కూడా రాసుకోండి. బాగున్న సిలిండరులో ముల్లు ఒక్క ఊపులో పైకి లేస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినదానిలో మెట్లు ఎక్కుతున్న ముసలాయనలా ఆగాగి ఎక్కుతుంది.

టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌కు మామూలుగా 150 నుంచి 180 పీఎస్ఐ (గేజి మీది ఒత్తిడి కొలత) మధ్య ఉంటే హాయిగా ఉండవచ్చు, 100 కిందికి పోతే ఆ సిలిండరు పని అయిపోవస్తున్నట్టే. మీ మోడల్‌కు కచ్చితమైన అంకె సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కానీ అంకె ఎంత ఉందన్నదానికన్నా, సిలిండర్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. పది, పదిహేను శాతానికి మించిన తేడా ఉండకూడదు.

ఇప్పుడు చెంచా ఆయిల్. తక్కువ చూపించిన సిలిండరులో చిన్న చెంచాడు ఆయిల్ పోసి, రెండుసార్లు తిప్పి, మళ్లీ గేజి పెట్టండి. అంకె బాగా పెరిగితే రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ) అరిగాయి. ఆయిల్ ఆ సందులను కాసేపు మూసింది కాబట్టి పెరిగింది. పెరగకపోతే తప్పు పైన ఉంది: వాల్వులో (గాలి, పొగ దారులను తెరిచి మూసేవి), హెడ్ గ్యాస్కెట్టో. ఇక్కడ ఉదారంగా పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1,200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసుకోండి. పిస్టన్ పైకొచ్చాక సిలిండరులో మిగిలే చోటు సుమారు 33 మిల్లీలీటర్లే. అందులో పది మిల్లీలీటర్లు ఆయిలే నింపితే, రింగులు ఎలా ఉన్నా ముల్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల చూపించి బోరింగ్ రాసిన అంచనాలు నేను చూశాను.

డీజిల్ కారైతే ఇదంతా ఇంట్లో చేయకండి. అక్కడ ఒత్తిడి 350 పీఎస్ఐ పైన ఉంటుంది, పెట్రోలు గేజి పగిలిపోతుంది. చోటు మరీ ఇరుకు కాబట్టి చెంచా ఆయిల్ పరీక్ష అసలే వద్దు. డీజిల్ గేజి ఉన్న చోటికి తీసుకెళ్లి, దగ్గర నిలబడి అంకెలు మీరే రాసుకోండి.

అంకెలు ఏం చెబుతున్నాయి

170, 165, 95, 168 వచ్చాయనుకోండి. మూడోదాంట్లో ఆయిల్ పోసినా 100 దాటకపోతే అది వాల్వు కావచ్చు. హెడ్డు ఒక్కటి దించితే చాలు, ఇంజిన్ దించనక్కర్లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉంటుంది, అదీ పైపనే. హెడ్డు దించాక లేత్ షాపులో సమతలం చూపించి, వంగితే ఫేసింగ్ (గీయించి చదును) చేయించకుండా మాత్రం కొత్త గ్యాస్కెట్ వేయనివ్వకండి. వేస్తే మూడు నెలల్లో మళ్లీ కలుస్తారు.

నాలుగూ సమానంగా తక్కువగా ఉంటే? అందరూ అరుగుదలే అంటారు. మా దగ్గరున్న ఒక కారుకు నాలుగూ 110 చుట్టూ వచ్చాయి. షెడ్డులో ఓవర్ సైజు పిస్టన్ల దాకా లెక్క రాసేశారు. నాకెందుకో నాలుగూ ఒకేసారి అరగడం అనుమానం కలిగించింది. టైమింగ్ కవర్ తీయించాను. వాల్వులను వేళకు తెరిపించే చైను సాగి ఒక పన్ను జారింది. చైన్ సెట్టు మార్చగానే నాలుగూ 160 దాటాయి. ఆ కారు తర్వాత ఎయిర్‌పోర్టుకు మూడేళ్లు తిరిగింది.

గేజితో ఇంకా తేలకపోతే కంప్రెసర్ గాలి సిలిండరులోకి పంపించి వినమనండి. బుస్సుమనే చప్పుడు సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి వచ్చే గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్టో, పగిలిన హెడ్డో. నా మాట అడిగితే ఈ పరీక్ష చేయలేని షెడ్డుకు ఇంజిన్ పని ఇవ్వకూడదు.

నీళ్లలో మునిగిన కారు వేరు

2020 అక్టోబరు వానలకు సెల్లార్లలో మునిగిన కార్లు గుర్తున్నాయా? నీరు దిగాక చాలామంది చేసిన మొదటి పని తాళం తిప్పి చూడటం. నీటిని గాలిలా నొక్కలేం. పిస్టన్ పైకి రాబోయి నీటికి అడ్డం తగిలితే పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొన్నిసార్లు కారు స్టార్టు కూడా అవుతుంది, కొన్ని వారాలు తిరుగుతుంది. గేజి పెడితే ఒక్క సిలిండరు మాత్రం కొంచెం తక్కువ, ఆయిల్ పోసినా తక్కువే. వంగిన రాడ్ పొట్టిదవుతుంది, పిస్టన్ పూర్తిగా పైకి రాదు. వాల్వనుకుని హెడ్డు పని చేయించి మోసపోకండి. మునిగిన కారును స్టార్టు చేయకుండా లాగించి తీసుకెళ్లండి. ఇంజిన్ ప్రొటెక్షన్ అదనంగా కట్టని పాలసీల్లో, నీళ్లలో స్టార్టు చేయడం వల్ల జరిగిన నష్టం క్లెయిములో నిలబడటం కష్టం.

డబ్బు లెక్క

ఇప్పుడు అంచనా అడగండి. వాళ్లు చెప్పినదానికి మూడోవంతు కలపండి. ఇంజిన్ బాగుంటే ఆ కారు ఈ రోజు ఎంతకు పోతుందో చూడండి, పాలసీలోని ఐడీవీ (బీమా కంపెనీ కట్టిన విలువ) కాదు, బజారు ధర. కలిపిన ఖర్చు ఆ ధరలో సగం దాటితే చేయించకూడదు. బజారులో లక్షా అరవై వేలు పలికే కారుకు డెబ్బై వేలు అంచనా వేస్తే మూడోవంతు కలిపాక తొంభై మూడు వేలు దాటింది, వద్దు. వాల్వు పని అయితే ఇదే కారుకు కళ్లు మూసుకుని చేయించవచ్చు.

ఒక విషయంలో మాత్రం బేరం లేదు. వేడెక్కి పాడైన ఇంజిన్‌ను బాగుచేయించినప్పుడు "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్" అని దాన్ని పీకి పారేసే ఉస్తాద్ దగ్గర రిపేరు వద్దు. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి రాదు, ఆయిల్ పాడవుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి, లోపల ఉప్పు పేరుకుని, గొట్టాలు సగం పూడిపోయి ఉంటాయి. మన బోరు నీళ్లు బాల్చీకి ఏం చేస్తాయో చూశారుగా.

వేరే ఇంజిన్ వేయడం

బ్లాక్ పగిలినా, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దెబ్బతిన్నా ఇదే దారి. ఆటోనగర్‌లో నేలమీద ఆయిల్ తుడిచి మెరిపించిన ఇంజిన్లను చూసి ముచ్చటపడకండి. గేర్‌బాక్సుతో పాటే దించినది చూసుకుని, సెల్ఫ్ మోటారుకు బ్యాటరీ తగిలించి, మీ గేజి మీరే పెట్టి అంకెలు చూశాకే బేరమాడండి. ఒప్పుకోకపోతే తిరిగి రండి. ఏ కారు నుంచి దించారో ఆ కాగితాలు, ఇంజిన్ నంబరు రాసిన బిల్లు లేకుండా కొంటే దొంగ కారు ఇంజిన్ మీ బండిలో దొరకవచ్చు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసినా సరే, కొత్త నంబరు ఆర్టీఏలో ఆర్సీ మీద ఎక్కించాలి. ఎక్కించకపోతే రేపు అమ్మేటప్పుడో, క్లెయిము చేసేటప్పుడో తంటా.

వదిలేయడం

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. హైదరాబాద్‌లో కొన్న మీ కారుకు ఇంకా ఏపీ 09 ప్లేటే ఉందంటే అది 2014 జూన్‌లో టీఎస్ సిరీస్ రాకముందుది, అంటే గడువు దాటిపోయిందో, 2029 లోపు దాటబోతోందో. అలాంటి కారుకు ఇంజిన్ దించే పని పెట్టుకోను. వాల్వు పని వరకే.

ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి, మీ కంప్రెషన్ కాగితం కూడా చూపించండి. ఎవరూ కొనకపోతే గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే ఇచ్చి, స్క్రాపింగ్ సర్టిఫికెట్, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, ఆర్సీ రద్దయిందని చూసుకోండి. ఫాస్టాగ్ మూయించండి. ఇవన్నీ పట్టించుకోకుండా నేనొక పాత కారును నోటిమాట మీద ఒక తుక్కు వ్యాపారికి ఇచ్చేశాను. ఇంజిన్ ఇక లేవదని నేనే తేల్చిన కారు అది. ఏడు నెలల తర్వాత బేగంపేటలో సిగ్నల్ దాటినందుకు నా ఫోనుకు చలానా వచ్చింది. ఫొటోలో ఎడమ తలుపు మీద అదే సొట్ట. వెనక పొగ కూడా లేదు.