‘ది డాటర్ ఆఫ్ డాన్’ మూకీ చిత్రాన్ని చూడవలసిన తీరు

1920 వేసవిలో టెక్సస్ ఫిల్మ్ కంపెనీ అనే చిన్న సంస్థ, హాలీవుడ్ స్టూడియోల అండ లేకుండా, అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న విచిటా కొండల్లో నార్బర్ట్ మైల్స్ దర్శకత్వంలో తీసిన చిత్రమిది. నటులు సుమారు 300 మంది. అందరూ అమెరికా మూలవాసులైన కయోవా, కొమాంచి తెగల వారే. సుమారు 80 నిమిషాల ఈ చిత్రాన్ని రెండు విడతలుగా చూడమని నా సలహా.

ముందుగా, ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ పునరుద్ధరించిన ప్రతినే ఎంచుకోండి. మొదటి విడత కథ కోసం చూడండి. నాయకుని కూతురిని ఇద్దరు కోరుకుంటారు. ధైర్యం నిరూపించుకోవడానికి ఎత్తైన కొండ అంచు నుంచి దూకవలసి వచ్చినప్పుడు ఒకడు దూకుతాడు, రెండోవాడు వెనకాడతాడు. కథ ఇంత సులువైనదే కాబట్టి టైటిల్ కార్డులు (మాటలను, కథను తెరపై రాసి చూపే పలకలు) చదవడానికి తొందరపడనక్కరలేదు.

రెండో విడత, ఈ మూకీకి జోడించిన సంగీతం ఆపేసి, కథానాయకుణ్ణి వదిలి, తెర అంచుల్లో ఉన్న మనుషులను చూడండి. అసలు చిత్రం అక్కడే ఉందని నా నమ్మకం. వారు కట్టుకున్న బట్టలు, ఎక్కిన గుర్రాలు, వేసుకున్న గుడారాలు వారు ఇళ్ల నుంచి తెచ్చుకున్నవే. ఒకవైపు అడ్డచారలు, మరోవైపు యుద్ధ దృశ్యాలు చిత్రించిన కయోవా గుడారం కనిపించినప్పుడు బొమ్మను ఆపి నిదానంగా పరిశీలించండి. కథానాయకునిగా వైట్ పార్కర్, మరో ముఖ్య పాత్రలో వనాడా పార్కర్ నటించారు. వీరిద్దరూ 1875లో ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరంలో అమెరికా సైన్యానికి లొంగిపోయిన కొమాంచి నాయకుడు క్వానా పార్కర్ సంతానం. ఆ లొంగుబాటుకు, ఈ చిత్రీకరణకు మధ్య 45 ఏళ్లే గడిచాయి కనుక, తెరపై కనిపించే వృద్ధులు ఆ పాత జీవితాన్ని నటించడం లేదు, గుర్తుచేసుకుంటున్నారు.

అడవి దున్నల వేట దృశ్యాన్ని మాత్రం తప్పక మరోసారి చూడండి. వేటగాళ్ల తుపాకులకు ఆ మైదానాల్లో దాదాపు అంతరించిపోయిన ఈ జంతువులను 1907లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 15 మాత్రమే రైలులో తెచ్చి ఈ కొండల్లో వదిలారు.

మన ‘భీష్మ ప్రతిజ్ఞ’ వంటి మూకీలను చూసే భాగ్యం మనకు లేదు. ఈ చిత్రం కూడా పోయిందనే దశాబ్దాలపాటు అనుకున్నారు. చివరికి నార్త్ కరోలినాలో ఒక ప్రైవేటు డిటెక్టివ్ వద్ద, ఆయన పనికి ప్రతిఫలంగా అందిన రీళ్ల రూపంలో బయటపడింది. 2013లో, భద్రపరచదగిన చిత్రాల జాబితా అయిన అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో దీనికి చోటు దక్కింది.