కాలేజీ క్లబ్బు రికార్డులు బ్యాచ్‌తో పాటే మాయమవ్వకూడదంటే

కాలేజీలో ఏ క్లబ్బుకైనా జ్ఞాపకశక్తి నాలుగేళ్లే. ఇంజినీరింగ్ కాలేజీలో సాహితీ సమితి కానివ్వండి, డ్రామా క్లబ్బు కానివ్వండి, ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే అంతకుముందు ఏం జరిగిందో చెప్పే దిక్కుండదు. ఉన్నదంతా ఎవరో సీనియర్ ఫోన్లోనో, హాస్టల్ నుంచి ఇంటికెళ్లిన అట్టపెట్టెలోనో ఉంటుంది. అందుకని స్కానర్ సంగతి తర్వాత, ముందు మనుషుల్ని పట్టుకోండి. ఫేర్‌వెల్‌కి నెల ముందే ఎవరి దగ్గర ఏముందో రాసుకోండి: మినిట్స్ బుక్కు, రసీదు పుస్తకాలు, ఫెస్ట్ ఫోటోలు, ఇన్‌స్టా పాస్‌వర్డ్, యూట్యూబ్ ఛానల్ ఎవరి మెయిల్ మీద నడుస్తోంది, అన్నీ.

ఈ మెయిల్ గొడవ మాత్రం వెంటనే తేల్చేయాలి. చాలా కాలేజీలు చదువైపోయాక స్టూడెంట్ మెయిల్ తీసేస్తాయి, దాంతో ఆ మెయిల్‌తో ఉన్న గూగుల్ డ్రైవ్‌లోదంతా గోవిందా. "ఫోల్డర్ షేర్ చేశారు కదన్నా" అంటారు జూనియర్లు. షేర్ చేసినంత మాత్రాన ఓనర్ మారడు, డౌన్‌లోడ్ చేసి క్లబ్బు పేరుతో తీసిన జీమెయిల్లోకి ఎక్కించుకోవాల్సిందే. రికవరీ నంబరు ఫ్యాకల్టీ అడ్వైజర్‌ది పెట్టండి. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు, 2023 డిసెంబరు నుంచి ఆ రూలు అమల్లో ఉంది.

ఇక కాగితాలు. పిన్నులు తుప్పు పడతాయి, పీకేయండి. చిరిగినచోట సెల్లో టేపు వేయొద్దు, కొన్నేళ్లకి జిగురు పచ్చబడి మరక దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు. థర్మల్ పేపరు బిల్లుల మీద (షాపు మెషీన్లో వచ్చే నున్నటి బిల్లులు) అక్షరాలు వెలుతురుకీ వేడికీ కొన్నాళ్లకి వెలిసిపోతాయి కాబట్టి వచ్చిన రోజే జిరాక్స్ తీయించండి, లేకపోతే ఆడిట్‌లో తెల్లకాగితం చూపించాలి. స్కానింగుకి కాగితాలకైతే 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) చాలు, ఫోటోలకి 600 పెట్టుకోండి.

ఫోటోల దగ్గర అసలు కష్టం పేర్లు. పాత నాటకం ఫోటో ఒకటి దొరికిందనుకోండి, స్టేజీ మీద అట్ట కిరీటంతో ఒకరు, పక్కన మీసం సగం ఊడినవాడు, తెర చాటునుంచి తొంగిచూసే చెయ్యి. ఆ బ్యాచ్ వాళ్లకి వీడియో కాల్ చేసి "మీ అనుభవాలు చెప్పండి" అంటే "ఆ రోజులే వేరు తమ్ముడూ" అని ఊరుకుంటారు. ఫోటో చూపించి "ఆ చెయ్యి ఎవరిదన్నా?" అని అడగండి, ఇక గంటసేపు ఆపరు. రికార్డ్ చేసుకోవచ్చా అని వాళ్లనడిగి రికార్డ్ చేసుకోండి. పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా, ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్ పెన్నైతే ముందువైపుకి గాట్లు తేలతాయి. వాట్సాప్‌లో ఫోటోలు తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, తీసిన తేదీ కూడా ఎగిరిపోతుంది.

పాత కాలేజీ మ్యాగజైన్లు చాలావరకు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవే. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. డీటీపీ సెంటర్లో ఆ పాత సిస్టమ్ ఇంకా బతికుండగానే పీడీఎఫ్ చేయించి, కథలూ కవితలూ ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌లోకి మార్పించండి, అప్పుడే వెతికితే దొరుకుతాయి.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ రాస్తే అవే వరసలో కూర్చుంటాయి. "ఫైనల్ ఫైనల్ 2" లాంటి పేర్లతో దేవుడు కూడా వెతకలేడు. ఒక కాపీ డ్రైవ్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ముఖ్యమైనవి ప్రింటు తీసి కాలేజీ లైబ్రరీలో. లైబ్రేరియన్‌తో మాట్లాడి, లైబ్రరీకి వచ్చిన పుస్తకాలకి నంబర్లు వేసే యాక్సెషన్ రిజిస్టర్లో ఎక్కించండి, నంబరు పడిన పుస్తకాన్ని అంత తేలిగ్గా పాత పేపర్లవాడికి వేయరు. రిజిస్ట్రేషన్ షీట్లలో అమ్మాయిల ఫోన్ నంబర్లు ఉంటాయి, అందరూ చూసే ఫోల్డర్లో మాత్రం అవి పెట్టకండి.

కొత్త సెక్రటరీకి అప్పగించేటప్పుడు లిస్టు మీద పాత, కొత్త సెక్రటరీలిద్దరూ సంతకాలు పెట్టాలి, కానీ సంతకానికి ముందే ఆ హార్డ్ డిస్క్ పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూపించమనండి.